అహోబిలం లోయ ఒకటే, దాని మీద ఆఫీసులు ఐదు: పెద్దలకు బహిరంగ లేఖ

అటవీ శాఖ, టూరిజం, రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్ శాఖల పెద్దలకు, గుడి నిర్వహణ చూసే పెద్దలకు, అట్లనే మా ఊరికి వచ్చే భక్తులకు,

నమస్కారం. నేను దిగువ అహోబిలం వాడిని, చిన్న అంగడి ఉంది, టెంకాయలు, నీళ్ల బాటిళ్లు, కొండెక్కేవాళ్లకి చేతికర్రలు, ఇవే నా వ్యాపారం. ఈ లేఖ ఇట్ల బజార్లో పెట్టాల్సిన పని రాకుండా ఉంటే బాగుండేది. ఊరివాళ్లం కలిసి ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చినాం, స్టాంపు కొట్టి రసీదు ఇచ్చారు, కొన్నాళ్లకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారు సార్ అని పోయి అడిగితే, ఇది మా పరిధిలోకి రాదు అని రాసి క్లోజ్ చేశారంట. పరిధిలోకి రాకపోవడమే పరిష్కారం అన్నమాట! ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే పక్క ఆఫీసుకి పోయినా ఇదే మాట వినపడుతుంది. గుడి ఒకరిది, చెట్టు ఒకరిది, రోడ్డు ఇంకొకరిది, ఊరు పంచాయతీది, ఏట్లో పడిన చెత్త మాత్రం ఎవరిదీ కాదు.

మేం అడిగేది ఒకటే, ఈ లోయ మొత్తాన్ని ఒక్కటిగా చూడండి. ఎందుకు అడుగుతున్నామో తెలియాలంటే ముందు ఊరు ఎట్ల ఉంటుందో చెప్పాలి, మీలో చాలామంది కార్లో వచ్చి దర్శనం చేసుకుని అదే కార్లో పోయి ఉంటారు కాబట్టి.

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ నుంచి తూర్పుకి పాతిక కిలోమీటర్ల పైన వస్తే నల్లరేగడి చేలు అయిపోయి ఒక్కసారిగా నల్లమల లేస్తుంది. ఆ అంచునే దిగువ అహోబిలం, ప్రహ్లాద వరదుని గుడి, బస్టాండు, సత్రాలు, మా అంగళ్లు. ఇక్కడి నుంచి ఇంకో 8 కిలోమీటర్లు లోపలికి పోతే ఎగువ అహోబిలం, అక్కడికి రోడ్డు ఆగిపోతుంది, ఎదురుగా నిలువు బండలు. ఒక పక్క గరుడాద్రి కొండ, ఒక పక్క వేదాద్రి కొండ, మధ్యలో భవనాశి ఏరు. ఇక్కడ నరసింహుడికి తొమ్మిది గుళ్లు, నవ నరసింహులు అంటాం, వాటిల్లో కారంజ రోడ్డు పక్కనే, అహోబిల నరసింహుడు ఎగువ ఊర్లోనే, యోగానంద, ఛత్రవట, భార్గవ దిగువ నుంచి పోయేవి, పావన అడవి లోపల పావని ఏటి ఒడ్డున ఎక్కడో దూరంగా, వరాహ, మాలోల, జ్వాల మాత్రం ఈ లోయలోనే కాలినడకన పోవాల్సినవి. జ్వాలకి పోయేవాళ్లు చాలాచోట్ల ఏటి పక్కన, కొన్నిచోట్ల ఏటి రాళ్ల మీదే నడవాలి. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

ఈ కొండలు కడప బేసిన్ అంటారే, దాంట్లో భాగం. వంద కోట్ల ఏళ్లకి పైన వయసు, అప్పట్లో సముద్రం అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది, బురద గట్టిపడి పలకలు పలకలుగా ఊడే షేల్ అయింది. గట్టి రాయి పైన నిలబడుతుంది, మెత్త రాయి కింద అరుగుతుంది, పైది ఆధారం పోయి నిలువుగా చీలి పడుతుంది. అందుకే ఇక్కడ కొండలు వాలుగా ఉండవు, కోసినట్టు ఉంటాయి. ఉగ్రస్తంభం స్వామి చీల్చుకుని వచ్చిన కంబం అని మేం దండం పెట్టుకుంటాం, జియాలజీ సార్లు చీలిన క్వార్ట్‌జైట్ అంటారు, మాకు రెండింటితోనూ పేచీ లేదు. పేచీ ఏంటంటే ఈ రాయి ఇప్పటికీ చీలుతూనే ఉంది, మనుషులు దాని కిందనే నడుస్తున్నారు.

ఇంక చరిత్ర. వెయ్యేళ్లకి పైనే అయింది తమిళ వైష్ణవ భక్తుడు తిరుమంగై ఆళ్వారు ఈ చోటు మీద పది పాశురాలు, అంటే భక్తి పాటలు, పాడి, దేవుళ్లు తప్ప ఇంకెవరూ పోలేని చోటు అన్నాడు. ఆళ్వార్లు పాడిన 108 విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, మాది ఒకటి అయింది ఆ పాశురాల వల్లే. 14వ శతాబ్దంలో రెడ్డి రాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు, అంటే ఆరేడు వందల ఏళ్ల క్రితమే ఒకాయనకి తట్టింది, ఇక్కడ గుడి కంటే ముందు దారి ముఖ్యం అని. ఆ శతాబ్దం చివర్లో ఆదివణ్ శఠకోప స్వామి అహోబిల మఠాన్ని మొదలుపెట్టారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర రోజుల్లో వచ్చి స్వామికి నగలు, ఒక ఊరు ఇచ్చిపోయాడు, దిగువ గుడి దగ్గర జయస్తంభం ఆయనదే అంటారు. 1579లో గోల్కొండ సేనలు గుడిని దోచాయి, కొన్నేళ్లకి శ్రీరంగరాయల కాలంలో మళ్లీ నిలబెట్టారు. ఇన్ని జరిగినా ఊరు ఎప్పుడూ పెద్దది కాలేదు, ఎందుకంటే లోయలో చోటు లేదు. వీళ్లందరి కంటే ముందు నుంచి ఉన్నది చెంచులు, ఈ అడవి గిరిజనులు. స్వామి వాళ్లింటి అల్లుడు, చెంచులక్ష్మి వాళ్ల ఆడబిడ్డ. కనుమ రోజు పారువేట ఉత్సవానికి పల్లకీ ఎక్కి స్వామి బయల్దేరి ముప్పైకి పైగా ఊర్లు తిరిగి తన పెళ్లికి తనే పిలిచి వస్తాడు, నెలన్నర దాకా పడుతుంది. ప్రతి ఊర్లో పల్లకీ దిగడానికి ఒక అరుగు ఉంటుంది, ఏ ఊర్లో ఏ కులం వాళ్లు ఏం చేయాలో రాసి పెట్టిన కాగితం ఎక్కడా కనపడదు, అయినా ఎవరూ మర్చిపోరు. ఏ ఆఫీసూ లేకుండా నడిచే ఏర్పాటు అది, మీరు ఒకసారి వచ్చి చూడండి.

ఇప్పుడు అసలు సంగతులు. ఒక్కోటి రాస్తా, దాని వల్ల ఎవరికి ఏం అవుతుందో కూడా రాస్తా.

1. నీళ్లు వచ్చే దారి, మనుషులు నడిచే దారి ఒకటే.

పైన చెప్పినా కదా, జ్వాల దారి ఏటి వెంబడే. కొండ అంతా బండ, వాన నీళ్లు ఇంకే చోటు లేదు, పైన కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తా ఉంటుంది, ఎగువ గుడి దగ్గర నిలబడినోడికి ఏమీ తెలియదు, ముందు నీళ్లలో ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తాయి, తర్వాత రంగు మారుతుంది, ఆ తర్వాత మోకాలి లోతు నీళ్లు నడుము లోతు అవడానికి పెద్దగా టైం పట్టదు. మాకు ఆకులు చూస్తే తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి వచ్చినోళ్లకి ఎట్ల తెలుస్తుంది, వాళ్లు ఆ టైంలో నీళ్లు భలే ఉన్నాయి అని సెల్ఫీ తీసుకుంటూ ఉంటారు. జూన్ నుంచి అక్టోబర్ దాకా ఇదే కథ, పాచి పట్టిన రాళ్ల మీద కాలు జారడం వేరే లెక్క.

దారి మూసేయాలా వద్దా అని చెప్పే అధికారం ఎవరికి ఉంది? మాకు ఇంతవరకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. పైన కొండ మీద ఒక వానమాపకం, కింద ఒక సైరన్, ఎగువ గుడి దాటినాక ఒక గేటు, గేటు మూసే ఒక మనిషి, ఆయన ఫోన్ నంబర్ బోర్డు మీద. ఇంతే అడుగుతున్నాం. రాళ్లు ఊడిపడే చోట్లు ఎక్కడెక్కడో భూగర్భ శాఖ వాళ్లతో ఒకసారి చూపించి ఎర్ర రంగు గుర్తు వేయించండి, డోలీ వాళ్లని అడిగితే వాళ్లు ఇప్పుడే చూపిస్తారు.

2. డోలీ మోసేవాళ్ల బతుకు.

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఎవరూ రాయరు. నడవలేని పెద్దోళ్లని మాలోలకి, జ్వాలకి మోసుకుపోయేది వీళ్లే. రెండు వెదురు బొంగులకి కుర్చీ కట్టి ఉంటుంది, భుజం మీద బట్ట చుట్టగా పెట్టుకుంటారు, ఆ చుట్ట కింద చర్మం చూస్తే నల్లగా గట్టిపడి ఉంటుంది. మెట్ల మీద ముందు వాడి అడుగు కంటే వెనక వాడి అడుగు కష్టం, వాడికి కాలి కింద ఏముందో కనపడదు, కూర్చున్న మనిషి అడ్డం. ముందు వాడు రాయి, నీళ్లు, వంపు అని అరుస్తూ పోతాడు, వెనక వాడు ఆ మాట నమ్మి అడుగు వేస్తాడు.

వీళ్లకి గుర్తింపు కార్డు లేదు, రాసిపెట్టిన రేటు లేదు, కాబట్టి ప్రతి బేరం ఒక గొడవ. భక్తుడు ఎక్కువ అడిగారు అంటాడు, వీళ్లు మనిషి బరువు చూడండి అంటారు, మధ్యలో మర్యాద పోయేది ముసలామెది, ఆమె బరువు గురించి నడి బజార్లో నలుగురు మాట్లాడుకుంటారు. మోసేవాడు పడితే వాడి ఇంట్లో పొయ్యి వెలగదు. కేంద్రం బీమా ఒకటి ఉంది, సురక్షా బీమా యోజన, ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదంలో పోతే 2 లక్షలు. ఇరవై రూపాయలు! దానికి బ్యాంక్ ఖాతా, ఒక సంతకం కావాలి. ఒక్క రోజు ఒక్క ఆఫీసర్ టేబుల్ వేసుకుని బ్యాంకు వాళ్లతో మా ఊర్లో కూర్చుంటే అందరికీ అయిపోతుంది. కూలి పని చేసుకునేవాళ్లకి కేంద్రం ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు కూడా ఆ రోజే రాయించొచ్చు. రేటు బోర్డు, గుర్తింపు కార్డు, దారిలో రెండు మూడు చోట్ల డోలీ దించుకుని ఊపిరి పీల్చుకునే నీడ, ఇవి అడుగుతున్నాం. రాజుల కాలంలో దారి వెంబడి మంటపాలు కట్టింది ఊరికే కాదు కదా.

3. ప్లాస్టిక్.

నేను బాటిళ్లు అమ్మేవాడినే. మీరు గట్టిగా ఆపితే మొదట తగ్గేది నా గల్లాపెట్టె, అయినా అడుగుతున్నా. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ చాలా వస్తువులకి దేశమంతా నిషేధం, ఇక్కడ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు ఇప్పటికీ ఏట్లో దొరుకుతాయి. బాటిళ్లు ఆ నిషేధంలో లేవు, కానీ ఏటికి తేడా తెలియదు. స్వాతి నక్షత్రం రోజు, శనివారాలు, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు అయినాక ఒక్కసారి వరాహ నరసింహుడి దారిలో నడిచి చూడండి. కోతులు కవర్లు చించుతాయి, దుప్పులు ఉప్పు కోసం ఆ కవర్లు నాకుతాయి. తర్వాత వాన వస్తే అదంతా కిందికి, మా బోర్ల వైపు, చేల వైపు, కుందూ నది వైపు పోతుంది.

బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే పని కాదు. నీలగిరుల్లో మందు సీసా మీద పది రూపాయలు ఎక్కువ తీసుకుని ఖాళీ సీసా తిరిగి ఇస్తే ఆ పది వెనక్కి ఇస్తున్నారు, హైకోర్టు చెప్పినాక మొదలైంది. మందు సీసాకి కుదిరింది నీళ్ల బాటిల్‌కి ఎందుకు కుదరదు? తిరుమలలో నీళ్ల ప్లాస్టిక్ బాటిళ్లు ఆపారు, జనం దాహంతో పోలేదు, కుళాయిలు పెట్టారు. మాకు ఎగువలో రెండు చోట్ల, దారిలో ఒకచోట మంచి నీళ్ల కుళాయి పెట్టండి, అది పెట్టకుండా బాటిల్ ఆపకండి, ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల వైపు ఎండ 45 దాకా పోతుంది, బండ మీద నడిచేవాడికి ఇంకా ఎక్కువ తగులుతుంది.

4. చెంచులు.

స్వామికి అత్తగారిల్లు అని చెప్పుకుంటాం, మైకులో కూడా చెప్తాం. ఆ అత్తగారింటి వాళ్లకి పండగ రోజు ముందు వరసలో పిలుపు, మిగతా ఏడాది అడవిలో తేనెకి పోతే ప్రశ్నలు. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్న అటవీ ఉత్పత్తులు ఏరుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం వాళ్ల హక్కు అని రాసి ఉంది, అది దయ కాదు. ఎర్రచందనం దొంగలు పెద్ద పెద్ద బండ్లలో వస్తారు, చెక్‌పోస్టులో సంచి విప్పమనేది మాత్రం తేనె డబ్బా ఉన్నోడిని.

వాళ్లకంటే ఈ అడవి తెలిసినోళ్లు లేరు. ఉగ్రస్తంభం, పావన దారుల్లో గైడులుగా, వాన కాలంలో ఏటి కాపలా మనుషులుగా జీతం ఇచ్చి వాళ్లని పెట్టుకోండి. పులి ఎటు తిరుగుతుందో కూడా వాళ్లకే తెలుసు, మా అడవి నల్లమల నుంచి కిందికి శేషాచలం వైపు పులులు పోయే దారిలోనే ఉంది, సాయంత్రం అయినాక భక్తులు అడవి దారుల్లో ఉండకూడదు అని చెప్పేవాడు ఒకడు ఉండాలి. బోర్డు మీద పులి బొమ్మ చూసి జనం ఫోటో దిగుతున్నారు అంతే.

5. దెబ్బ తగిలితే.

లోయలోకి పోయేకొద్దీ సిగ్నల్ ఉండదు. జ్వాల దగ్గర ఒకరికి గుండెల్లో పట్టేస్తే మొదట ఒక పిల్లోడు కిందికి పరిగెత్తాలి, తర్వాత డోలీ పైకి రావాలి, డోలీలో కిందికి దింపాలి, ఎగువ నుంచి దిగువకి 8 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఆళ్లగడ్డ, అక్కడ కాదంటే నంద్యాల. లెక్క మీరే వేసుకోండి. ఎగువలో ఒక అంబులెన్స్, స్ట్రెచర్, ఒక నర్సమ్మ, కనీసం రద్దీ రోజుల్లో. ఫోన్ లైనుకి అటవీ అనుమతి అడ్డం అంటారు, అదే 2006 చట్టం 3(2)లో తాగునీటి పైపులు, కరెంటు, టెలిఫోన్ లైన్లు, రోడ్ల లాంటి 13 రకాల పనులకి ఒక్కోదానికి హెక్టారు లోపు, హెక్టారుకి 75 చెట్లకి మించకుండా, గ్రామసభ సిఫారసు ఉంటే అడవి భూమి ఇవ్వొచ్చు అని ఉంది. గ్రామసభ మేం పెడతాం, ఫైలు మీరు కదపండి.

6. పావనకి పోయే జీపులు. దారి అంటే దారి కాదు, రాళ్లు, గుంతలు. జీపుకి ఎంతమంది ఎక్కాలో లెక్క లేదు, బండి ఫిట్‌నెస్ ఎవరు చూస్తున్నారో తెలియదు. డ్రైవర్లు మా ఊరి పిల్లలే, వాళ్ల కడుపు కొట్టమని చెప్పట్లేదు, లెక్క పెట్టమంటున్నాం.

7. రాళ్ల మీద రాతలు.

మంటపాల్లో పాత శాసనాలు ఉన్నాయి, తెలుగులో ఉన్నవి మాలాంటి వాళ్లం అక్షరం కూడబలుక్కుంటే ఒకటి రెండు పేర్లు చదవొచ్చు. వాటి మీద రంగు డబ్బాతో బాణం గుర్తు వేసి టాయిలెట్ ఇటు అని రాసిన చోటు కూడా చూసినా, ఆ పక్కనే ప్రేమికుల పేర్లు, కాలేజీ బ్యాచ్ పేర్లు. ఇంకో పదేళ్లు ఇట్లనే పోతే చదవడానికి ఏమీ మిగలదు. పురావస్తు వాళ్లతో ప్రతి శాసనం ఫోటో తీయించి, అందులో ఏముందో పక్కన మామూలు తెలుగులో బోర్డు పెట్టండి. ప్రోలయ వేమారెడ్డి ఈ కొండకి మెట్లు కట్టించాడని తెలియకుండానే జనం ఎక్కుతున్నారు. బోర్డు మీద ఈ లోయ రాయి గురించి, ఏరు గురించి కూడా రాయండి, అది చదివినోడు వాన వస్తే ఎందుకు వెనక్కి తిరగాలో అర్థం చేసుకుంటాడు.

8. రోప్‌వే, రిసార్టులు అని ఎవరైనా ప్లాన్ తెస్తే, ముందు రాయి పరీక్ష, నీళ్ల లెక్క, గ్రామసభ. ఈ మూడూ కాకుండా పునాది తవ్వొద్దు. డోలీ వాళ్లకి, అంగళ్లవాళ్లకి వేరే బతుకు చూపించే కాగితం కూడా ఆ ప్లాన్‌తో పాటే రావాలి, తర్వాత చూద్దాం అంటే కుదరదు.

ఇంక అధికారం సంగతి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అహోబిలం గుడికి ప్రభుత్వం ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌ని (ఈవో) పెట్టడం కుదరదు, అది మఠం చూసుకుంటుంది అని. మాకు సంతోషమే. కానీ ఆ తీర్పు గుడి నిర్వహణ గురించి. గుడి గడప దాటినాక ఉన్న దారికి, ఏటికి, చెత్తకి, మనిషి ప్రాణానికి ఆ తీర్పు సాకు కాదు. అట్లనే మఠం పెద్దలు కూడా బయటిది ప్రభుత్వం పని అని ఊరుకోవద్దని మనవి, జనం వచ్చేది మీ స్వామిని చూడ్డానికే.

కాబట్టి కలెక్టర్ గారి కింద ఒకే కమిటీ వేయండి. అటవీ, టూరిజం, రోడ్లు, పంచాయతీ, మఠం, వీళ్లతో పాటు డోలీ వాళ్ల నుంచి ఇద్దరు, చెంచుల నుంచి ఇద్దరు, అందులో ఆడవాళ్లు ఉండాలి, ఊర్లో అంగళ్ల నుంచి ఒకరు. అందరి పేర్లు ఫోన్ నంబర్లతో పంచాయతీ గోడ మీద రాయించండి. మొదటి మీటింగ్ ఎగువ అహోబిలంలో పెట్టండి, ఏసీ హాల్లో వద్దు, మీటింగ్ అయినాక అందరూ కలిసి జ్వాల దాకా నడుద్దాం, డోలీ ఎక్కకుండా.

గేటు, సైరన్, డోలీ వాళ్ల బీమా, ఈ మూడింటికి పెద్ద డబ్బు పట్టదు, వచ్చే వానలకి ముందే అయిపోవాలి. కుళాయిలు, బాటిల్ డిపాజిట్ బ్రహ్మోత్సవాలకి ముందు. మిగతావాటికి ఎంత టైం కావాలో మీరే తేదీ రాసి ఇవ్వండి, ఎదురు చూస్తాం. ఈ లేఖ అచ్చు కాపీ సంతకాలతో ఐదు ఆఫీసులకీ స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాం. జవాబు ఫోన్ మెసేజ్‌లో వద్దు, కాగితం మీద, ఏ ఆఫీసర్ ఏ పని ఎప్పటికి చేస్తారో రాసి పంచాయతీకి పంపండి. ఒక నెలలోపు రాకపోతే గ్రామసభలో తీర్మానం చేసి ఇవే పాయింట్లతో హైకోర్టుకి పోతాం, దానికి చందాలు ఇప్పటికే మొదలయ్యాయి.

ఇట్లు,
దిగువ, ఎగువ అహోబిలం అంగళ్లవాళ్లు, డోలీ వాళ్ల తరఫున
ఒక ఊరివాడు